గవర్నర్ పనితీరు మీద కుర్మన్న అభిప్రాయం

సర్వే ఉద్యోగమంటే ప్రశ్నలు అడగడమేనని కొత్తవాళ్ళు అనుకుంటారు. ప్రశ్నలు ట్యాబ్‌లోనే ఉంటాయి, చదవడం వచ్చిన ఎవరైనా అడగొచ్చు. అవతలి మనిషికి మన ముందు అబద్ధం చెప్పాల్సిన అవసరం రాకుండా చూడటమే మన పని. అది నాకు తెలిసేసరికి సగం జీవితం గడిచిపోయింది.

నాది వనపర్తి. సబ్బులు, టీపొడి గురించి ఇల్లిల్లూ తిరిగి అడగడంతో మొదలుపెట్టి, ఓటర్ల అభిప్రాయాలు సేకరించే పనిలో స్థిరపడ్డాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలూ నేనే తిరిగేదాన్ని. మోకాళ్ళు మొరాయించాక మానేశాను. ఇప్పుడు నా బదులు ఇద్దరు అమ్మాయిలు తిరుగుతున్నారు. ఏమైనా చెప్పమని వాళ్ళు అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఉత్సాహం కలిగించే మాటలు ఇందులో పెద్దగా ఉండవు, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

గుమ్మం దగ్గర

మనం ఒక్క ప్రశ్న అడిగేలోపు వాళ్ళు మనల్ని రెండు అడుగుతారు. "నువ్వు ఎవరి దిక్కుకెంచి వచ్చినవ్?" అన్నది మొదటిది. "మా పేరు రాస్తవా? పించిను బంద్ అయితదా?" అన్నది రెండోది. ఈ రెండింటికీ నమ్మేలా జవాబు చెప్పలేకపోతే ఆ ఇంట్లో ఇక మన పని అయిపోయినట్టే. ఆ తర్వాత వాళ్ళు ఏం చెప్పినా మనల్ని పంపించేయడానికి చెప్పేదే.

మగవాళ్ళు అరుగు మీద కూర్చుని చెప్పేది ఊరు వినాలని చెప్పేది. ఆడవాళ్ళు గిన్నెలు తోముతూ చెప్పేది కాస్త నిజానికి దగ్గరగా ఉంటుంది. అందుకే నేను అరుగు దగ్గర ఆగకుండా మంచినీళ్ళ పేరుతో లోపలికి వెళ్ళిపోయేదాన్ని. సర్పంచి ఇంట్లో మాత్రం చాయ్ తాగొద్దు. మీరు ఆ గ్లాసు కింద పెట్టేలోపు మీరు ఏ పార్టీ తరఫున వచ్చారో ఊరంతా తేల్చేస్తుంది.

పక్కింటివాళ్ళ ఓటు

నాగర్‌కర్నూల్ సంతలో చింతపండు అమ్మే ఒక ముసలామెను ఎవరికి ఓటేస్తావని అడిగాను. నోరు మెదపలేదు. వెళ్ళబోతూ మాటవరసకు, "పోనీ, మీ పక్కింటివాళ్ళు ఎవరికి వేస్తారమ్మా?" అన్నాను. ఇక చూడండి! పక్కింటామెకు పెన్షన్ ఎలా ఆగిపోయిందో, ఎవరి చుట్టూ తిరిగిందో, ఎవరు కసురుకున్నారో, ఈసారి ఎవరికి బుద్ధి చెప్పాలనుకుంటోందో అంతా చెప్పుకొచ్చింది. పక్కింటామెకు మోకాళ్ళ నొప్పులట. అది చెబుతూ తన మోకాళ్ళు తానే నిమురుకుంటోంది.

ఆ రోజు నుంచి నేను పక్కింటివాళ్ళ ఓటే అడిగాను. మా ప్రాంతంలో మనుషులు తమ గురించి చెప్పుకోవడానికి భయపడతారు, పక్కింటివాళ్ళ మీద పెట్టి చెప్పడానికి భయపడరు. నేను నేర్చుకున్న విద్య అంటూ ఏదైనా ఉంటే ఇదొక్కటే.

మూర్తి సార్ పంపిన ప్రశ్న

మూర్తి సార్ మా పై అధికారి. హైదరాబాద్‌లో కూర్చుని మేము పంపినవన్నీ కూడి, భాగించి, రంగురంగుల బొమ్మలు చేసేవాడు. చెడ్డవాడు కాదు. ఎవరి పెళ్ళికి పిలిచినా వచ్చేవాడు. కానీ మనుషుల మాటలంటే ఆయనకు చిరాకు, అంకెలంటే ప్రాణం.

ప్రభుత్వానికీ గవర్నర్‌కీ మధ్య పొసగడం లేదని పేపర్లు రాస్తున్న రోజుల్లో ఆయన ఒక కొత్త ప్రశ్న పంపాడు. "గవర్నర్ గారి పనితీరు పట్ల మీరు సంతృప్తిగా ఉన్నారా?" దాని వెంటే ఇంకోటి, "గత ఎన్నికల తర్వాత మీరు మద్దతిచ్చే పార్టీ మారిందా?" ఎవరు అడిగిస్తున్నారో మాకు చెప్పరు.

"సార్, గవర్నర్‌ని వీళ్ళు ఎన్నుకోలేదు కదా, ఏం చెబుతారు?" అన్నాను ఫోన్‌లో.

"తెలియదనే చెప్పనివ్వండి సరళగారూ. తెలియదన్నదీ లెక్కే."

జనం తెలియదని చెప్పలేదు. నాగర్‌కర్నూల్‌లో ఒక కిరాణా కొట్టాయన, "సంతకాలు పెట్టె పెద్దమనిషి కదా. మంచిగనే పెడ్తుండొచ్చు" అన్నాడు. ఒక ఆటో డ్రైవరు, "ఆయన బండ్లు వస్తుంటె మా ఆటోలు ఆపుతరు. గంతే తెల్సు నాకు" అన్నాడు. కానీ ఎమ్మెల్యే పార్టీ మారిన ఊళ్ళలో వేరే జవాబు వచ్చింది. అక్కడ గవర్నర్ అంటే చాలామందికి మంచి అభిప్రాయం ఉంది. ఎందుకని అడిగితే, "ఎన్నడన్న ఓట్లడగనీకె వచ్చిండా? కండువా మార్చిండా? మంచోడే ఉంటడు" అన్నారు. గవర్నర్లు అయ్యేవాళ్ళలో చాలామంది ఒకప్పుడు ఏదో ఒక కండువా వేసుకున్నవాళ్ళే. ఆ మాట నేను ఎక్కడా అనలేదు. ఓటరు తప్పు మాట్లాడినా దిద్దకూడదన్నది మా ఉద్యోగంలో మొదటి నియమం.

నాకు నవ్వు రాలేదు. మనుషులు తాము గెలిపించినవాళ్ళను నమ్మలేక, తమకు ఏ సంబంధమూ లేని మనిషిని నమ్ముతున్నారు. ఆ సర్వే అయ్యేవరకు అదే నన్ను కుంగదీసింది.

కుర్మన్న

అమరచింత దగ్గరి ఒక ఊళ్ళో కుర్మన్న అనే రైతు ఉన్నాడు. నాకంటే కొంచెం పెద్దవాడు, నన్ను చెల్లె అనేవాడు. వేరుశనగ, జొన్న వేసే మెట్ట భూమి కొంచెం ఉంది. వయసులో ఉన్నప్పటి నుంచి ఒకటే పార్టీ. ఏ పార్టీయో రాయను, ఏ పార్టీ పేరు పెట్టినా ఈ కథ ఇలాగే ఉంటుంది.

మా ఊళ్ళలో ప్రతి పార్టీకీ ఒక జెండా గద్దె ఉంటుంది. సిమెంటు దిమ్మె కట్టి, పార్టీ రంగు వేసి, మధ్యలో ఇనుప పైపు నిలబెడతారు. కుర్మన్న పార్టీకి ఊళ్ళో జాగా దొరకనప్పుడు తన ఇంటి ముందరి స్థలం ఇచ్చాడు. రాళ్ళు తనే మోసి తనే కట్టాడు. పండగకు ఇంటికి సున్నం వేసినా వేయకపోయినా గద్దెకు రంగు వేసేవాడు. అతని భార్య సవారమ్మ దాన్ని తన సవతి అనేది.

"ఇంటెన్క గోడ వానకు కూలింది వదినె. దాన్ని లేపనీకె చేత కాదు గాని, గీ గద్దె మీద పిట్ట రెట్టేస్తె మాత్రం నీళ్ళు వోసి కడుగుతడు" అని నాతో మొత్తుకునేది. కూలిన గోడకు పాత చీరలు, ఎరువుల సంచులు అడ్డం కట్టుకుని ఉండేవాళ్ళు. ప్రభుత్వ ఇంటి కోసం దరఖాస్తు పెట్టి, ఎదురుచూస్తూ ఉన్నారు.

ఎన్నికలకు ముందు వాళ్ళ అభ్యర్థి కార్యకర్తలందరినీ బీచుపల్లికి తీసుకెళ్ళాడు. ఆంజనేయస్వామి ముందు అందరూ చేతులు చాపి, పార్టీ విడిచేది లేదని ప్రమాణం చేశారు. అభ్యర్థీ చేశాడు. గెలిచాడు. గెలిచిన కొన్నాళ్ళకే అధికారంలో ఉన్న పార్టీ కండువా కప్పుకున్నాడు, నియోజకవర్గం అభివృద్ధి కోసమట. బీచుపల్లిలో ప్రమాణం చేసినవాళ్ళలో నలుగురైదుగురు తప్ప అంతా ఆయన వెనకే వెళ్ళిపోయారు. కుర్మన్న వెళ్ళలేదు. గద్దెకు కొత్త రంగు వేయడానికి వచ్చినవాళ్ళను చూసి, వెళ్ళి గద్దె మీద కూర్చున్నాడు. భోజనానికి కూడా లేవకుండా వాళ్ళు విసిగి వెళ్ళిపోయేదాకా కూర్చున్నాడు.

గవర్నర్ ప్రశ్నతో నేను వెళ్ళింది ఆ తర్వాతే.

"గవర్నర్ మంచోడు. రాస్కో" అన్నాడు కుర్మన్న. "నేను ఆయన తాన్కే పోవాలనుకుంటున్న."

"ఎందుకన్నా?"

"ఎందుకేంది చెల్లె! బీచుపల్లిల దేవుని ముంగట చేసిన ఒట్టు దేవుడు చూసుకుంటడు. గవర్నర్ ముంగట చేసిన ఒట్టు గవర్నరే కదా చూసుకోవాలె? టీవీల చూసిన, ఆయన చెప్తుంటె వీళ్ళు ఎంబడి ఎంబడి చెప్తరు. ఒట్టు వెట్టిచ్చినోడు ఒట్టు తప్పినోన్ని పిలిచి అడగడా?"

టీవీలో ఆయన చూసింది మంత్రుల ప్రమాణం. ఎమ్మెల్యేలు ప్రమాణం చేసేది శాసనసభలో. పార్టీ మారిన ఎమ్మెల్యే సంగతి తేల్చాల్సింది స్పీకరు. కానీ మా ఊళ్ళలో ఒట్టు పెట్టించిన పెద్దమనిషే దానికి పూచీ. పొలం గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల పంపకం అయినా, మాట తప్పితే జనం వెళ్ళేది ఆ పెద్దమనిషి ఇంటికే. కుర్మన్న రాజ్యాంగాన్ని కూడా అదే లెక్కలో అర్థం చేసుకున్నాడు.

నేను ఆ ఒక్కసారి నియమం పక్కన పెట్టాను. "అన్నా, గవర్నర్ చేతుల్లో ఏం లేదు. ఆయన ఎమ్మెల్యేను ఏమీ అనలేడు. పోయి భంగపడొద్దు" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. "నువ్వు అడగనీకె వచ్చినవా, చెప్పనీకె వచ్చినవా? నీ పని నువ్వు చూస్కో" అన్నాడు. నేను లేస్తుంటే మాత్రం, "చాయ్ తాగి పో" అన్నాడు.

శంకరప్ప చెప్పింది

గవర్నర్ గద్వాలకు వచ్చినప్పుడు నేను అక్కడ లేను. జరిగింది నాకు శంకరప్ప చెప్పాడు. శంకరప్ప గద్వాలలో చీరలు నేసే మనిషి, కుర్మన్నకు పార్టీలో పాత దోస్తు. గవర్నర్‌కు చీరలు చూపించే నేతకారుల్లో ఆయన్నూ ఉండమన్నారు. మడత చీరలు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలని చెప్పి కుర్మన్నను వెంట తీసుకెళ్ళాడు.

నేను వెళ్ళేసరికి శంకరప్ప మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. దారం మోస్తూ అటూ ఇటూ ఆడే నాడె ఆపి, ఎటో చూస్తూ చెప్పాడు.

"హౌదక్కా, నేనే తోల్కపోయిన. గవర్నర్ సారు మా ముంగటికి వచ్చి చీర అంచు చేత వట్టుకొని చూసిండు. కుర్మన్న రెండు చేతులు జోడించి అన్నడు, అయ్యా, నీ ముంగట ఒట్టేసినోడు ఒట్టు తప్పిండు, జర పిలిచి అడుగు, అని. సారుకు తెలుగు రాదు కదా. ఏమంటుండని ఆఫీసరును అడిగిండు. ఆఫీసరు ఆ ముచ్చట విననే లేదు. పక్కకె మా లీడరున్నడు, బీచుపల్లిల కుర్మన్న పక్కకె నిలవడి ఒట్టేసినోడు. ఆయన జల్ది ముందట వడి హిందీల చెప్పిండు. గోడ కూలిందంట సార్, ఇల్లు అడుగుతుండు, అన్నడు."

"నువ్వు చెప్పలేదా?"

"చేతుల చీర, సుట్టు పోలీసులు. నోరు రాలే అక్కా." మగ్గం మీది దారాలు సర్దుకున్నాడు. "గవర్నర్ సారు మొకం మెత్తగైంది. కుర్మన్న బుజం మీద చెయ్యేసిండు. ఆఫీసరుకు గట్టిగ చెప్పిండు, చూడండి ఈయన సంగతి, అని. గాయన తప్పేం లేదు. గాయన విన్నదానికి గాయన మంచిగనే చేసిండు."

బయటికి వచ్చాక కుర్మన్న శంకరప్ప చేయి పట్టుకున్నాడట. "చెప్పిన శంకరప్పా! విన్నడు! బుజం మీద చెయ్యేసిండు" అని చిన్నపిల్లాడిలా పదే పదే చెప్పాడట. జములమ్మ గుడిదాకా నడిచి కొబ్బరికాయ కొట్టాడట. ఆ సంతోషం చూశాక శంకరప్పకు నిజం చెప్పబుద్ధి కాలేదు.

మీలో కొందరు శంకరప్పను పిరికివాడు అనుకుంటారు. రేపు మీ చేతుల్లో మీ కూలి చీర ఉండి, చుట్టూ పోలీసులు ఉన్నప్పుడు ఏం చేస్తారో చూసుకుని అనుకోండి.

ముగ్గు పోసిన రోజు

ఇల్లు మంజూరైంది. అధికారులు వచ్చి కొత్త ఇంటికి ముగ్గు పోసి కొలతలు వేస్తారు కదా, ఆ రోజు సవారమ్మ కళ్ళతో చూసింది చూసినట్టు నాకు చెప్పింది.

"గవర్నర్ సారు ఎమ్మెల్యేను ఇంకెందుకు పిలువలేదో అడగనీకె మీ అన్న తయారై కూసున్నడు. జీపు వచ్చింది. ఏమన్న, ఎమ్మెల్యే సంగతి ఏమైంది, అని అడిగిండు. వాళ్ళు నవ్విన్రు. ఎమ్మెల్యే సంగతేంది, నీ ఇల్లు వచ్చింది పెద్దాయనా, అన్నరు. నేను ఇల్లు అడగలే, అన్నడు మీ అన్న. గవర్నర్ సారుకే చెప్పుకున్నవ్ కదా, గట్లెట్ల అంటవ్, అన్నడు లీడరు. గప్పుడు సమజైంది వదినె ఆయనకు. నిలవడ్డోడు నిలవడ్డట్టె ఉన్నడు."

లీడరు జేబులోంచి కొత్త కండువా తీసి కుర్మన్న భుజం మీద వేశాడు. కుర్మన్న దాన్ని తీసేయడానికి చేయి ఎత్తాడు.

"నేను ఆయన దిక్కు చూసిన" అంది సవారమ్మ. "ఏమనలే. ఒక్కసారి చూసిన. చెయ్యి దించిండు."

సవారమ్మను ఎవరూ ఒక్క మాట అనకండి. సంచులు కట్టుకున్న గోడ పక్కన అన్ని వానలు గడిపింది ఆమె. ఆ ఇంటి మీద ఆమెకున్న హక్కు ముందు ఏ పార్టీ కండువా అయినా గుడ్డముక్కే.

ఫోటో తీశారు. అందరూ ముగ్గు చుట్టూ నిలబడి ఉండగానే ఇద్దరు మనుషులు గద్దెకు కొత్త రంగు వేసేశారు. సాయంత్రానికి ఆ ఫోటో చుట్టుపక్కల ఊళ్ళ ఫోన్లన్నిటికీ చేరింది. పాత పార్టీలో మిగిలిన నలుగురూ కుర్మన్న ఇంటి వైపు రావడం మానేశారు. ముందే మారినవాళ్ళు మాత్రం హోటల్ దగ్గర ఎగతాళి చేశారు. "మేము ఉత్తగ పోయినం, కుర్మన్న జూడు, గవర్నర్‌తోని బేరం చేసిండు" అన్నారు. అసలు నిజం చెబుదామని శంకరప్ప ఒకసారి ఊరికి వచ్చాడు. అప్పటికి వినడానికి ఎవరికీ ఓపిక లేదు. ఆ ఫోటో అంత స్పష్టంగా ఉంది మరి.

ఆఖరి ఇల్లు

నా చివరి సర్వే నివేదికలో ఆ ఊరి గురించి మూర్తి సార్ రాసిన వాక్యాలు నాకు నోటికి వచ్చు. గవర్నర్ పట్ల సంతృప్తి వ్యక్తమైంది, దీర్ఘకాలిక మద్దతుదారులు సైతం పార్టీ మారారు. ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. "చూశారా సరళగారూ, ఎంత స్పష్టంగా ఉందో! పథకం అందింది, విధేయత మారింది. పాఠంలా చెప్పొచ్చు."

"సార్, ఆ మనిషి మారలేదు" అన్నాను.

"మారలేదంటే ఎలా? ఆయన జవాబులు మీరే పంపారు కదా."

నేనే పంపాను. ఆ జవాబులు ఎలా వచ్చాయో రాసి ముగిస్తాను. కొత్త అమ్మాయిలు చదవాల్సింది ఇదే, పైన ఉన్నదంతా దీనికోసం రాసిందే.

కొత్త ఇంటి గోడలు లేచాయి, స్లాబు ఇంకా పడలేదు. కుర్మన్న ఇసుక కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. గద్దెకు వీపు పెట్టి కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు. సవారమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చి, మాకు దూరంగా వెళ్ళి ఇటుకలు తడుపుతూ నిలబడింది.

"అన్నా, వద్దంటే నేను అడగను" అన్నాను.

"అడుగు. నీ నౌకరి కదా."

"గవర్నర్ గారి పనితీరు..."

"మంచిగ చేస్తుండు. మంచిగ చేస్తుండని రాస్కో చెల్లె. ఇల్లు ఇప్పిచ్చిండు కదా."

గొంతులో ఎగతాళి లేదు. ఉంటే నాకు కొంచెం బాగుండేది.

"పార్టీ మారిందా అని ఉందన్నా."

"ఫోటో చూడలేదా? మారిందనే రాయి. ఊరంత చెప్పినంక నేను గాదంటె ఎవరు నమ్ముతరు?"

అవును అన్నచోట నొక్కాను. నా వేలు ఆ పని చేస్తుంటే అతను చూస్తూనే ఉన్నాడు. ఇక మిగిలింది ఓటు. నాకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో అడిగాను.

"అన్నా, మీ పక్కింటివాళ్ళు ఈసారి ఎవరికి వేస్తారు?"

ఎన్నో ఏళ్ళుగా నేను ఆ ప్రశ్న ఎందుకు అడుగుతానో అతనికి బాగా తెలుసు. ఇంతకుముందైతే నవ్వి, "ఆ ముచ్చట నన్నే అడుగు" అనేవాడు. ఈసారి నవ్వలేదు. చేతికి అంటిన ఇసుక దులుపుకున్నాడు.

"మా పక్కింటోళ్ళు ఈసారి ఓటెయ్యనీకె పోరంట చెల్లె" అన్నాడు. "బుద్ధి తెల్సినప్పటి నుంచి ఒక్కసారి తప్పకుంట వేసిన్రంట. ఇగ పోరంట."

నేను పక్కకు చూశాను. పక్కింటివాళ్ళు బొంబాయికి వలస వెళ్ళి చాలా కాలమైంది. తలుపుకు తాళం వేసి ఉంది, గుమ్మం ముందు సర్కారు తుమ్మ నడుము ఎత్తు పెరిగింది.